మీటరు బండిది, రాయి రోడ్డుది

అమెరికాలో మనవాళ్లు కొనే బళ్లకు ఒక వరస ఉంది. వచ్చిన కొత్తలో కామ్రీయో అకార్డో కొంటారు. పిల్లలు పుట్టాక, వాళ్లను చూడటానికి తాతయ్యలూ నాయనమ్మలూ వస్తారని మినీవ్యాన్ కొంటారు. చాలామంది అక్కడితో ఆగిపోతారు. కొలరాడోలాంటి చోట స్థిరపడ్డవాళ్లకు మాత్రం ఇంకో మెట్టు ఉంది, అదే పికప్ ట్రక్కు. చుట్టూ కొండలూ, మంచూ, మట్టి రోడ్లూ ఉన్నప్పుడు ఆ కోరిక పుట్టడం సహజమే. ట్రక్కు కొన్న ఆర్నెల్లకు ఇంకో కోరిక పుడుతుంది, దానికి పెద్ద టైర్లు వేయించాలని.

మా ఇంట్లో ఈ రెండు కోరికలూ తీరాయి. మొన్న వసంతకాలం సెలవుల్లో ఆ ట్రక్కులో డెన్వర్ నుంచి యూటా రాష్ట్రంలోని మోయాబ్ వెళ్లొచ్చాం. నేను, మా ఆవిడ, పన్నెండేళ్ల మా అమ్మాయి, తొమ్మిదేళ్ల మావాడు, వీళ్లతోపాటు ఇండియా నుంచి వచ్చిన మా నాన్న. ఆయన నరసరావుపేట డిపోలో ఆర్టీసీ డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. వినుకొండ, మార్కాపురం, దోర్నాల మీదుగా శ్రీశైలం బస్సు నడిపిన మనిషి. మోయాబ్ ఎలా ఉంటుందో చెప్పడం ఈ వ్యాసంలో ఒక సగం. కొత్త టైర్లకు తగ్గట్టు ట్రక్కు లెక్కను దారిలోనే ఎలా సరిచేశామో చెప్పడం రెండో సగం. రెండో సగానికి పెద్ద మేస్త్రీ మా నాన్నే.

టైరు మీద రాసిన లెక్క

పిల్లలూ, మీ ఇంటి కారు టైరు పక్కన ఒక అంకె ఉంటుంది, చూడండి. మా ట్రక్కు పాత టైర్ల మీద 265/70R17 అని ఉండేది. 265 అంటే టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 70 అంటే టైరు గోడ ఎత్తు, వెడల్పులో 70 శాతం. R అంటే రేడియల్. 17 అంటే లోపలి రిమ్ము వ్యాసం, అంగుళాల్లో. ఒకే వరుసలో మిల్లీమీటర్లు, శాతం, అంగుళాలు! ఇంతకన్నా గజిబిజి లెక్క మా సాఫ్ట్‌వేర్‌లో కూడా అరుదు.

లెక్క కట్టండి. 265లో 70 శాతం 185.5. టైరు గోడ పైనా కిందా ఉంటుంది కాబట్టి రెండింతలు, 371. దానికి రిమ్ము 17 అంగుళాలు, అంటే 431.8 మి.మీ. కలిపితే సుమారు 803 మి.మీ. కొత్త టైర్లు 285/75R17. అదే పద్ధతిలో చేస్తే 859 మి.మీ. అంటే వ్యాసం 7 శాతం పెరిగింది. ట్రక్కు నేల నుంచి లేచింది మాత్రం అందులో సగమే, 28 మి.మీ. ఒక అంగుళానికి కాస్త ఎక్కువ.

ఈ 7 శాతం ఎందుకంత ముఖ్యం? బండికి తను ఎంత వేగంగా పోతోందో నేరుగా తెలియదు. చక్రం ఎన్నిసార్లు తిరిగిందో మాత్రమే తెలుసు. చక్రాల దగ్గరో, గేర్‌బాక్సు దగ్గరో ఒక పళ్ల చక్రం, దాని పక్కన ఒక సెన్సారు ఉంటాయి. సెన్సారు ఆ పళ్లను లెక్కపెడుతుంది. ఇన్ని చుట్లు తిరిగితే ఒక మైలు అని ఫ్యాక్టరీలో కంప్యూటరుకు ఒక స్థిరమైన అంకె ఇచ్చి పంపిస్తారు. టైరు మారిన సంగతి దానికి ఎవరూ చెప్పరు. కొత్త టైరు ఒక్క చుట్టులో ఎక్కువ దూరం పోతుంది, మీటరు మాత్రం పాత దూరమే చూపిస్తుంది.

టైర్లు మార్చిన రోజు నాన్న ఈ సంగతి పిల్లలకు సుద్దముక్కతో చూపించారు. టైరు నేలను తాకే చోట టైరు మీదా, డ్రైవ్‌వే మీదా ఒక గీత గీయించారు. నేను ట్రక్కును మెల్లగా ముందుకు పోనిచ్చాను. టైరు మీది గీత మళ్లీ నేలను తాకిన చోట ఇంకో గీత గీశారు. పిల్లలు టేపు పెట్టి కొలిచారు. పాత టైరుకు 2,445 మి.మీ., కొత్త టైరుకు 2,615 వచ్చింది. వ్యాసాన్ని 3.14తో గుణిస్తే ఇంకా ఎక్కువ రావాలి కదా అని మా అమ్మాయి అడిగింది. మంచి ప్రశ్న. బండి బరువుకు టైరు కింద కాస్త నొక్కుకుంటుంది, అందుకే తక్కువ వస్తుంది. కాగితం మీద లెక్క కంటే సుద్దగీత నిజానికి దగ్గర.

ఒక మైలులో 16,09,344 మి.మీ. ఉంటాయి. పాత టైరు మైలుకు 658 చుట్లు తిరిగేది. కొత్తదానికి 615 చాలు. ట్రక్కు మాత్రం 658 పూర్తయ్యేదాకా మైలు అయిందని ఒప్పుకోదు.

“మీటరు బండిది, రాయి రోడ్డుది. రెండూ కలవకపోతే రాయినే నమ్మాలి” అన్నారు నాన్న. బస్సుకు కొత్త టైరు ఉన్నప్పుడు ఒకలా, అరిగిపోయాక ఒకలా, రీట్రేడ్ చేశాక ఇంకొకలా మీటరు చూపించేదట. ఆయన మాత్రం కిలోమీటరు రాళ్లనూ, చేతి గడియారాన్నీ చూసుకుంటూ టైముకు స్టాండులో పెట్టేవారు.

డెన్వర్ నుంచి యూటా గట్టు దాకా

డెన్వర్ నుంచి మోయాబ్ దాదాపు 350 మైళ్లు. ఎక్కువ భాగం ఐ-70 మీదే. నగరం దాటగానే ఎక్కుడు మొదలవుతుంది. 11,000 అడుగులకు పైన ఐసెన్‌హోవర్ సొరంగం ఉంది. 1973లో మొదటి గొట్టం, 1979లో రెండోది తెరిచారు. ఆ ఎక్కుడులోనే పెద్ద టైర్ల రెండో ప్రభావం తెలిసింది. టైరు పెద్దదైతే, సైకిలు మీద పెద్ద గేరు వేసి గట్టు ఎక్కినట్టుంటుంది. ఇంజను మాటిమాటికీ కింది గేరుకు దిగుతుంది. టైరు మరీ పెద్దదైతే ఇరుసులో గేర్ల నిష్పత్తి కూడా మార్పించుకోవాలి. 7 శాతానికి అంత అవసరం లేదు. కానీ కంప్యూటరు గేర్లు మార్చేది తనకు తెలిసిన వేగాన్ని బట్టే. ఆ వేగమే తప్పయితే గేరు కూడా అదను తప్పి పడుతుంది.

వేల్ కనుమ దిగి, గ్లెన్‌వుడ్ లోయలో నది పక్కనే, నది మీదుగానే కట్టిన రోడ్డు దాటాం. 1992లో అది పూర్తయింది. గ్రాండ్ జంక్షన్ దాటాక నేల చదునవుతుంది. కుడిచేతి వైపు బుక్ క్లిఫ్స్ అనే బూడిదరంగు కొండల వరస. పుస్తకాలు అంచులు కలిపి పేర్చినట్టే ఉంటాయి. ఎడమవైపు కొలరాడో నేషనల్ మాన్యుమెంట్ ఎర్ర గోడలు.

పరీక్షకు ఈ చోటే ఎంచుకున్నాం. రోడ్డు పక్కన మైలు అంకెలున్న చిన్న ఆకుపచ్చ బోర్డులు ఉంటాయి కదా, నాన్న వాటిని కూడా రాళ్లనే అంటారు. ఇక్కడ తూర్పు-పడమరలుగా పోయే ఇంటర్‌స్టేట్‌కు ప్రతి రాష్ట్రంలోనూ పడమటి గట్టు నుంచి మైళ్లు లెక్కపెడతారు. అందుకే మేం పడమరకు పోతుంటే అంకెలు తగ్గుతూ వచ్చాయి.

మా ఆవిడ స్టీరింగ్ పట్టింది. కుడి లేనులో క్రూజ్ కంట్రోల్ సరిగ్గా 60 మీద పెట్టింది. 60 ఎందుకంటే, గంటకు 60 మైళ్లంటే నిమిషానికి ఒక మైలు. గుణకారం అక్కర్లేదు. 20వ బోర్డు దగ్గర మా అమ్మాయి స్టాప్‌వాచ్ నొక్కింది. మావాడు బోర్డులు చదివాడు. నాన్న తన చేతి గడియారం చూసుకున్నారు. 10వ బోర్డు దగ్గర అందరూ ఒక్కసారే అరిచారు. పది నిమిషాలు పట్టాల్సింది 9 నిమిషాల 21 సెకన్లే పట్టింది. అంటే మైలుకు 56 సెకన్లు. మీటరు 60 చూపిస్తున్నప్పుడు మేం నిజంగా పోతున్నది 64 మీద. పది మైళ్లు పోతే మీటరులో దూరం 9.3 దాటి 9.4కు ఇంకా రాలేదు. సుద్దగీత చెప్పిన 7 శాతాన్నే రోడ్డు కూడా చెప్పింది.

“ఫోన్లో జీపీఎస్ వేగం చూపిస్తుంది కదా నాన్నా, ఇదంతా ఎందుకు?” అన్నాడు మావాడు. ఫోను నాకు చెబుతుంది, ట్రక్కుకు చెప్పదు. క్రూజ్ కంట్రోలూ, గేర్‌బాక్సూ, ఆయిల్ ఎప్పుడు మార్చాలో చెప్పే లెక్కా, అన్నీ ట్రక్కు నమ్మిన అంకె మీదే నడుస్తాయి. 75 పరిమితి ఉన్నచోట మీటరు 75 చూపిస్తుంటే బండి 80 మీద ఉంటుంది. ఆపిన పోలీసుకు మన టైరు సైజుతో పని లేదు.

కాసేపటికి మైలు సున్నా వచ్చింది, యూటా మొదలైంది. వెంటనే అంకె 230 దాటి ఉంది. గట్టు దాటితే లెక్క ఇంకెక్కడి నుంచో మొదలవుతుందని తెలిసి మావాడు తెగ నవ్వాడు. అప్పుడే మాటల్లో మా ఊరి ప్రస్తావన వచ్చింది. తాతయ్య ఊరు ఏ జిల్లా అని అమ్మాయి అడిగితే నాన్న, “పల్నాడు జిల్లా. 2022 నుంచి. మన నరసరావుపేటే జిల్లా కేంద్రం” అన్నారు గర్వంగా. మనలో చాలామంది ఇప్పటికీ గుంటూరు జిల్లా అనే చెప్పుకుంటాం. “మీరంతా ఊరు వదిలిన నాటి లెక్కల్లోనే ఉంటార్రా. బస్ చార్జీ అడిగినా అప్పటిదే చెబుతారు. ఊళ్లో మాత్రం టైర్లు ఎప్పుడో మారాయి” అన్నారు ఆయన. కారులో ఒక నిమిషంపాటు ఎవరమూ మాట్లాడలేదు.

మోయాబ్‌లో ఆ రాత్రి

182వ ఎగ్జిట్ దగ్గర ఐ-70 దిగి, దక్షిణంగా 191వ నంబరు రోడ్డు మీద ముప్పై మైళ్లు పోతే మోయాబ్. సుమారు ఐదువేల జనాభా ఉన్న ఊరు. ఒక పక్కన కొలరాడో నది, చుట్టూ ఎర్ర ఇసుకరాతి గోడలు. 1952లో చార్లీ స్టీన్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఇక్కడికి దగ్గర్లో యురేనియం కనుక్కోవడంతో ఈ ఊరి దశ తిరిగింది. ఆ ఖనిజం కోసం కొండల్లో వేసిన దారుల్లోనే ఇప్పుడు మనబోటి వాళ్లం షికారుకు వెళుతున్నాం.

హోటల్ ముందు ట్రక్కు ఆపి, స్టీరింగ్ కింద ఉండే డయాగ్నస్టిక్ సాకెట్‌లో చిన్న అడాప్టర్ గుచ్చి ల్యాప్‌టాప్ తెరిచాను. ఆఫీసులో ఏ సర్వర్ మీద చెయ్యి వేసినా ముందు బ్యాకప్ తీసుకోవడం అలవాటు. ఇక్కడా పాత సెట్టింగులన్నీ ఫైలుగా దాచాకే ముందుకు కదిలాను. మా ట్రక్కులో టైరు చుట్టుకొలతను మిల్లీమీటర్లలో ఇస్తే చాలు. 2,445 తీసేసి 2,615 కొట్టాను. మొత్తం పది నిమిషాల పని. “ఇంతేనా? దీనికేనా నీకు అంత జీతం?” అన్నారు నాన్న. మా ఆవిడ నవ్వు ఆపుకోలేకపోయింది.

అన్ని బళ్లలో ఇంత సులువు కాదు. కొన్నింటికి డీలరు దగ్గరి పరికరంతోనే మార్చాలి. కొన్నింటిలో కంపెనీ ఇచ్చిన జాబితాలోంచి ఒక సైజును ఎంచుకోవాలి. ఇంకొన్నింటిలో సెన్సారుకూ కంప్యూటరుకూ మధ్య ఒక చిన్న డబ్బా అమర్చి అంకె సరిచేస్తారు. బాగా పాత ట్రక్కుల్లో గేర్‌బాక్సు పక్కనుండే ప్లాస్టిక్ పళ్ల చక్రాన్నే మార్చేవాళ్లు. చేతకాదనిపిస్తే తెలిసిన మెకానిక్కుకే వదిలేయండి. ఇంజను నడుస్తుండగా, బ్యాటరీ బలహీనంగా ఉండగా ఈ పని పెట్టుకోకండి.

మర్నాడు పొద్దున్నే అదే రోడ్డు మీద, అదే 60 మీద, మూడు మైళ్లు కొలిచాం. మూడు నిమిషాలు, ఒక సెకను అటూ ఇటూ. నాన్న తల ఊపారు. మాకు అదే సర్టిఫికెట్.

షేఫర్ ఘాట్ రోడ్డు

ఆ లెక్క ఎందుకు సరిగ్గా ఉండాలో ఆ రోజే తెలిసింది. మోయాబ్‌కు పడమట కాన్యన్‌లాండ్స్ నేషనల్ పార్కు ఉంది, 1964లో ఏర్పడింది. పైన బల్లపరుపు పీఠభూమి, కింద ఎక్కడో అడుగున నది. మధ్యలో తెల్లటి రాతి అంచు వెంబడి చుట్టి వచ్చే దారి పేరు వైట్ రిమ్ రోడ్డు. చుట్టూ తిరిగి వస్తే దాదాపు 100 మైళ్లు, ఫోర్ వీల్ డ్రైవ్ బండికి కూడా రెండు మూడు రోజులు పడుతుంది. ఆ దారంతటా పెట్రోలు లేదు, తాగే నీళ్లు లేవు, చాలాచోట్ల ఫోను పనిచేయదు. 7 శాతం తప్పు చూపే మీటరుతో వెళితే, 100 మైళ్లు తిరిగాక కూడా అది 93.5 అంటుంది. గైడ్ పుస్తకాలు మలుపులన్నీ మైలులో పదోవంతు వరకు రాస్తాయి. ముప్పయ్యో మైలు దగ్గర తిరగమంటే, పాత లెక్కతో పోయేవాడు ఆ మలుపు దాటి ఇంకా రెండు మైళ్లు ముందుకెళ్లి వెతుకుతాడు.

పెట్రోలు లెక్క కూడా అంతే. పాత లెక్కతో ట్రక్కు గాలనుకు 15 మైళ్లు ఇస్తున్నానని చూపించేది. నిజంగా ఇస్తున్నది 16. కిలోమీటర్లలోకి మార్చి చెబితే లీటరుకు ఏడు కూడా లేదు. “మా బస్సు యాభై మందిని ఎక్కించుకుని ఐదు ఇచ్చేదిరా, నీది ఐదుగుర్ని ఎక్కించుకుని ఏడా!” అన్నారు నాన్న. కేఎంపీఎల్ లెక్కలతో ఉద్యోగం చేసిన మనిషికి ఏం జవాబు చెబుతాం?

పెద్దాయన ఉన్నారు కాబట్టి మేం మొత్తం చుట్టలేదు. వైట్ రిమ్ మీదకు ఒక్క రోజుకు వెళ్లాలన్నా పర్మిట్ ముందే ఆన్‌లైన్‌లో తీసుకోవాలి, తీసుకున్నాం. షేఫర్ దారి గుండా కిందికి దిగాం. మొదట అక్కడి ఆదివాసులు నడిచిన బాట అది. తర్వాత పశువుల దారి అయింది. 1950లలో యురేనియం లారీల కోసం వెడల్పు చేశారు. సుమారు 1,500 అడుగుల దిగుడు, గోడకు అతికించినట్టున్న హెయిర్‌పిన్ మలుపులు, అంచున రెయిలింగు లేదు. ఎదురుగా బండి వస్తే ఎవరో ఒకరు వెనక్కి పోవాలి.

మా ఆవిడ కళ్లు మూసుకుంది. పిల్లలు ఊపిరి బిగబట్టారు. నాన్న మాత్రం ముందు సీట్లో కూర్చుని మెల్లగా చెబుతూ వచ్చారు. “బ్రేకు మీద కాలు పెట్టి ఉంచకు, గేరులో దించు. ఎక్కేవాడికి దారి ఇవ్వాలి. మలుపులో ముందు చక్రం కాదు, వెనక చక్రం చూసుకో.” నల్లమల ఘాట్‌లో ఏళ్ల తరబడి ఆయన చేసిన పని ఇదే. ఆయన బస్సులో ప్రయాణికుడిగా చిన్నప్పుడు శ్రీశైలం వెళ్లాను. పక్కన కూర్చుని ఆయన చెబుతుంటే నేను నడపడం ఇదే మొదటిసారి. అడుగుకు చేరాక ఆయన దిగి, టైర్ల చుట్టూ ఒకసారి తిరిగి, వేళ్లతో తట్టి చూశారు. అన్నీ బాగానే ఉన్నాయి.

కింది కూడలి దగ్గర ట్రిప్ మీటరు సున్నా చేశాం. అక్కడి నుంచి మూడు మైళ్లకు కాస్త అటూ ఇటూగా మసెల్‌మన్ ఆర్చ్ ఉండాలి. ముందుగా కనిపించేది కాదు, నేల మట్టానికే ఉంటుంది. కింద నేల జారిపోయి రాతి వంతెన మాత్రం మిగిలింది. దాని మీద నడవకూడదు. మీటరు చెప్పిన చోటే బండి ఆపాం, పక్కనే కనిపించింది. మా ఆవిడ తెచ్చిన పులిహోర అక్కడే తిన్నాం. అంత నిశ్శబ్దం పిల్లలు అంతకుముందు విని ఉండరు.

మీరూ టైర్లు మార్చుతుంటే

నాలుగు చక్రాలకూ ఒకే సైజు వేయించండి. ఏబీఎస్ బ్రేకులు ఒక చక్రం వేగాన్ని ఇంకోదానితో పోల్చి చూస్తాయి. స్టెప్నీ కూడా అదే సైజు ఉండాలి. ఎడారిలో పంక్చరయ్యాక చిన్న స్టెప్నీతో ఫోర్ వీల్ డ్రైవ్ నడిపితే గేర్లు పాడవుతాయి. స్టీరింగ్ చివరిదాకా తిప్పి టైరు ఎక్కడైనా రాసుకుంటోందేమో చూడండి. తలుపు పక్కన రాసిన గాలి లెక్క పాత టైర్లది, కొత్తవాటికి ఎంత పెట్టాలో అడిగి తెలుసుకోండి. హెడ్‌లైట్లు కూడా కాస్త కిందికి దింపించాలి, లేకపోతే ఎదుటివాడి కళ్లలో పడతాయి.

పిల్లలకు ఒక పని. ఈసారి లాంగ్ డ్రైవ్‌లో ఐప్యాడ్ పక్కన పెట్టి స్టాప్‌వాచ్ పట్టుకోండి. అమ్మో నాన్నో క్రూజ్ 60 మీద పెట్టాక పది బోర్డులు లెక్కపెట్టండి. సరిగ్గా పది నిమిషాలు వస్తే మీ కారు మీటరు నిజం చెబుతున్నట్టే. తేడా వస్తే ఎంత శాతమో కట్టి పెద్దవాళ్లకు చెప్పండి. తాతయ్య కూడా పక్కన ఉంటే ఆయన గడియారాన్నీ అడగండి.